సారు లేపేది విన్నవాళ్లనే

మా సైన్సు సారు పోయారని మొన్న తెల్లవారుజామున ఊరి నుంచి ఫోను. చేసినవాడు పదో తరగతిలో నా జత. గొర్రెలు కాసుకునే ఇంటి పిల్లవాడు, ఇప్పుడు బోరు మోటార్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. "రాత్రి నిద్రలోనే పోయినారంట. పొద్దు పుట్టకముందే నీకు చెప్పాలనిపించింది" అన్నాడు. ఇంట్లోవాళ్ల గురించి నాలుగు మాటలయ్యాక, పెట్టేసే ముందు, "ఆ తొట్టికాడ సారు నవ్విన నవ్వు గ్యాపకముందా నీకు?" అని అడిగాడు.

ఎందుకు లేదు! ఆర్కిమెడిస్ సూత్రం నాకు అర్థమైంది ఆ తొట్టి దగ్గరే. అర్థమయ్యేలా చెప్పింది వీడు, వీడి చేత చెప్పించింది సారు. తర్వాత నేను ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పుకుంటూ ఉద్యోగమంతా గడిపాను. ఆ ఇద్దరిలో ఎవరి పని నాది అని అడిగితే, సారు పనే అని చెప్తాను. ఆయన గురించి ఎక్కడా ఎవరూ రాసి ఉండరు. అందుకని రాస్తున్నాను.

*

మాది అనంతపురం జిల్లాలో చెనిక్కాయ పంట మీద బతికే ఊరు. జిల్లా పరిషత్ హైస్కూలుకు చుట్టుపక్కల పల్లెల పిల్లలంతా నడిచి వచ్చేవాళ్లు. బడిగంట అంటే వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. అటెండరు ఇనుప కడ్డీతో కొడితే ఆ మోత చెరువుకట్ట దాకా పోయేది. బోర్డుకు బొగ్గూ ఆకుపసరూ నూరి పూయడం శనివారం మధ్యాహ్నం పిల్లల పని. సోమవారం పొద్దున క్లాసులోకి అడుగుపెడితే ఆ పసరు వాసన ఇంకా పచ్చిగా తగిలేది. ఇప్పటికీ వానకు తడిసిన కంచె పక్కగా నడిస్తే ఆ వాసన వస్తుంది, వెంటనే సారు గొంతు వినబడుతుంది.

సైన్సు సామాను ఒక చెక్క బీరువాలో ఉండేది. రెండు బీకర్లు, ఒక స్పిరిట్ దీపం, గాజుపెట్టెలో త్రాసు, మూతి విరిగిన కిప్ పరికరం. తాళంచెవి హెడ్మాస్టరు దగ్గర. ఇన్‌స్పెక్షన్ రోజున తప్ప ఆ బీరువా తెరిచినట్టు నాకు గుర్తు లేదు. సారు దాని వంక చూసేవారే కాదు. బావి గిలక, కవ్వం, సైకిలు పంపు, ఇసుర్రాయి, పశువుల తొట్టి ఉండగా బీరువా ఎందుకన్నది ఆయన లెక్క.

పిల్లల చేత పిల్లలకు పాఠం చెప్పించడం ఆయన ఏ శిక్షణలోనో నేర్చుకుని మొదలుపెట్టలేదు. చెనిక్కాయ పీకే కాలం వచ్చిందంటే మా క్లాసు సగం ఖాళీ. పల్లెల పిల్లలంతా చేన్లలోనే. చెట్టు పీకడం, వామి వేయడం, కాయ కొయ్యడం అయ్యి వాళ్లు తిరిగొచ్చేసరికి పాఠాలు చాలా ముందుకు పోయేవి. మళ్లీ మొదటి నుంచి చెప్తే ఉన్నవాళ్లకు విసుగు, చెప్పకపోతే చేనికి పోయినవాళ్లకు అన్యాయం. ఒక ఏడు ఏమీ తోచక, ఉన్నవాళ్లనూ పోయినవాళ్లనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి "మీరే చెప్పుకోండి" అని వదిలేశారట. అర్ధసంవత్సరం పరీక్షల పేపర్లు దిద్దుతుంటే, చెప్పిన పిల్లలు ఎప్పటికన్నా బాగా రాశారని గమనించారట. చేనికి పోయిన పిల్లలు గట్టెక్కుతారని ఆయన అనుకున్నారు. రోజూ బడికి వచ్చినవాళ్లకు అంత లాభం ఉంటుందని ఆయనకూ తెలియదు. చాలా ఏళ్ల తర్వాత, నేను లెక్చరర్నయ్యాక ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని ఉండగా చెప్పిన సంగతి ఇది.

మేము ఆయన చేతికి వచ్చేసరికి అది పద్ధతిగా స్థిరపడింది. పీరియడులో చివరి పావుగంట మాది. పుస్తకం మూసెయ్యాలి. పుస్తకంలో మాట ఏది వాడినా దాన్ని విడమర్చాలి. సాంద్రత అని నోటితో అన్నావంటే, అదేమిటో ఎదుటివాడి ఇంట్లో అవ్వకు కూడా తెలిసేలా చెప్పాలి. వినేవాడు ఊరికే తల ఊపకూడదు, "ఎందుకు?" అని అడుగుతూనే ఉండాలి. అంతా అయ్యాక సారు లేపేది విన్నవాణ్ని. వాడు బోర్డు దగ్గర నిలబడి ఎంత బాగా చెప్తే అన్ని మార్కులు. ఆ మార్కులు పడేది మాత్రం వాడికి చెప్పినవాడి పేరు మీద.

ఈ ఒక్క ఏర్పాటులో ఎంత ఆలోచన ఉందో నాకు ఉద్యోగంలో చేరాక గానీ తెలియలేదు. బాగా చదివే పిల్ల తనకొచ్చింది గడగడా అప్పజెప్పేసి కూర్చోవడానికి వీల్లేదు. ఎదుటి పిల్లకు ఎక్కడ ముడి పడిందో వెతుక్కోవాలి. "ఒరే, ఇంకొక్కసారి చెప్తా. ఈసారి వేరే మాదిరి చెప్తా. వినురా" అని ఫస్టు ర్యాంకు పిల్లవాడు బతిమాలుకోవడం నేను ఆ క్లాసులో విన్నాను, ఇంకెక్కడా వినలేదు.

*

అప్పట్లో క్లాసులో కూర్చోవడం ఊళ్లో వీధులను బట్టే. ఎవరూ చెప్పనక్కర్లేదు, ఎవరి చోటు వాళ్లకు తెలుసు. ఆసాముల పిల్లలు, అంగళ్లవాళ్ల పిల్లలు ముందు బెంచీల్లో. ఎస్సీ కాలనీ పిల్లలు వెనక గోడకు ఆనుకుని. ఆడపిల్లలం కిటికీ పక్క రెండు వరుసలు.

సారు ప్రతి సోమవారం చాక్‌పీసుల డబ్బాలో పేర్ల చీటీలు వేసి ఊపేవారు. ఎవరి చీటీ వెంట ఎవరి చీటీ వస్తే ఆ వారమంతా వాళ్లిద్దరూ జత. మగపిల్లవాడూ ఆడపిల్లా జత పడితే మధ్యలో ఒక బెంచీ పెట్టి ఎదురెదురుగా కూర్చోబెట్టేవారు. అంతకు మించి ఏ మినహాయింపూ లేదు.

ఒకసారి ఒక ఆసామి బడికి వచ్చాడు. తలపాగా తియ్యకుండానే గడపలో నిలబడి, "మావోడు ఆ పిల్లోనికాడ కూసోని నేర్చుకునేదేముంది సార్?" అన్నాడు. క్లాసంతా బిగుసుకుపోయింది. సారు మాత్రం తొణకలేదు. "అదేందో మీవోణ్నే అడుగుదాం, లోపలికి రాప్పా" అని, ఆ పిల్లవాణ్ని పిలిచి చాక్‌పీసు ఇచ్చారు. పుటాకార దర్పణం ముందు, నాభికీ దర్పణానికీ నడుమ వస్తువు పెడితే ప్రతిబింబం ఎక్కడ వస్తుందో గీయమన్నారు. చాలామంది తడబడే బొమ్మ అది. కిరణాలు ముందువైపు కలుసుకోవు, దర్పణం వెనక్కి పొడిగించి గీయాలి. వాడు ఒక్కో గీతా గీస్తూ, ఎందుకో చెప్తూ, పెద్దగా నిటారుగా ఉన్న ప్రతిబింబం తెచ్చి చూపించాడు. "ఎవరు నేర్పినారో మీ నాయనకు చెప్పు" అన్నారు సారు. వాడు వెనక గోడ వైపు చెయ్యి చూపించాడు. ఆ పెద్దమనిషి బోర్డు వంక కాసేపు చూసి వెళ్లిపోయాడు. మళ్లీ సోమవారం చీటీలు మామూలే.

ఊరు మారిపోయిందని చెప్పను. హోటల్లో గ్లాసులు వేరుగానే ఉండేవి. కానీ ఆ పావుగంటలో ఎవరికి ఎవరి అవసరమన్నది తలకిందులయ్యేది. వెనక గోడ పిల్లవాడికి అర్థం కాకపోతే ముందు బెంచీ పిల్లవాడికి మార్కులు రావు. వాడికి అర్థమైతే రేపు వీడికి చెప్పేది వాడే. అమెరికాలో ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలో ఇలాంటి పనే చేశాడని చాలా కాలానికి చదివాను. తెల్ల, నల్ల, హిస్పానిక్ పిల్లలను అప్పుడే ఒకే బడిలో చేర్చారు. క్లాసులో ఒకరంటే ఒకరికి పడదు. ఆయన పాఠాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఒక్కో పిల్లకు ఇచ్చాడు. మిగతా ముక్కలు కావాలంటే పక్కవాళ్లు చెప్పేది వినక తప్పదు. అది చదివిన రోజున సారుకు ఉత్తరం రాశాను. "మంచి పని చేసినాడు. ఆయనకు కూడా ఊళ్లోవాళ్లు వచ్చి చెప్పినారేమో కనుక్కో" అని జవాబు రాశారు.

*

ఇక తొట్టి సంగతి.

బడి వెనక సిమెంటు వరతో కట్టిన గుండ్రటి పశువుల తొట్టి ఉండేది. ఒకరోజు సారు మమ్మల్నందరినీ దాని చుట్టూ నిలబెట్టారు. తొట్టిలో ఒక సత్తు గంగాళం తేలుతోంది. అంగడి నుంచి అడిగి తెచ్చిన అయిదు కిలోల తూకం రాళ్లు రెండు ఆ గంగాళంలో ఉన్నాయి. నీళ్లు ఎక్కడి దాకా ఉన్నాయో తొట్టి గోడ మీద చాక్‌పీసుతో గీత గీశారు.

"ఈ రాళ్లు తీసి తొట్టి నీళ్లలో వేస్తా. నీళ్లు గీతకు పైకొస్తాయా, కిందికి దిగుతాయా, అట్లే ఉంటాయా? మాట్లాడుకోకుండా చేతులెత్తండి."

ఎక్కువ చేతులు "అట్లే ఉంటాయి"కి లేచాయి. తర్వాత "పైకొస్తాయి". కిందికి దిగుతాయన్నవాళ్లు నలుగురైదుగురు. సారు ముఖంలో ఏమీ తెలియనివ్వలేదు. "ఇప్పుడు మీ జతకు చెప్పుకోండి" అని కొంచెం దూరంగా వెళ్లి వేపచెట్టు కింద నిలబడ్డారు.

నేను సూత్రం మొత్తం చెప్పాను. ద్రవంలో మునిగిన వస్తువు కోల్పోయినట్టు కనిపించే భారం, అది తొలగించిన ద్రవం భారానికి సమానం. నా జత విన్నాడు. "అది నాకూ వచ్చు. రాయి యాడుంటే ఎన్ని నీళ్లు జరుగుతాయో అది కదా సారు అడిగేది" అన్నాడు. తర్వాత వాడు తొట్టి వంక చూస్తూ మెల్లగా చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ పొల్లు పోలేదు.

"గంగాళంలో ఉన్నంతసేపూ రాయిని మోసేది నీళ్లే. మోయాలంటే దాని బరువంత నీళ్లు పక్కకు జరగాల. అదే తొట్టిలో వేస్తివా, రాయి అడుక్కు పోయి కూసుంటాది. ఇంక మోసేది తొట్టి అడుగు. నీళ్లు దానికి చోటిస్తే చాలు. దాని ఒళ్లు పట్టేంత చోటు. ఇనుము కదా, బరువు ఎక్కువ, ఒళ్లు తక్కువ. ముందు బరువంత జరిగినాయి, ఇప్పుడు ఒళ్లంతే జరుగుతాయి. అయితే దిగాల్సిందే కదా?"

బరువంత, ఒళ్లంత. ఆ రెండు మాటలతో సూత్రం మొత్తం నా కళ్ల ముందు నిలబడింది. ఫిజిక్సులో ఆ తర్వాత నేను చదివిన ఏ పుస్తకంలోనూ వస్తువులు తేలడం గురించి ఇంత పొదుపుగా చెప్పినవాళ్లు లేరు. వాడికి అది సారు చెప్పలేదు. గొర్రెలు ఈదుకుంటూ వంక దాటడం, దోనెలో బరువు వేస్తే అది లోతుగా దిగడం వాడు చిన్నప్పటి నుంచి చూసినవే. చెప్పాల్సి వచ్చేసరికి అవన్నీ ఒకచోట చేరాయి.

విన్నది నేను కాబట్టి సారు నన్నే లేపారు. బరువంత, ఒళ్లంత అని వాడి మాటలే చెప్పాను. సారు మళ్లీ చేతులెత్తమంటే ఈసారి సగానికి పైగా "దిగుతాయి" వైపు. అప్పుడు ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, రాళ్లు ఒకదాని తర్వాత ఒకటి తీసి నీళ్లలోకి వదిలారు. గంగాళం ఒక్కసారిగా పైకి లేచి ఊగింది. నీళ్ల అలలు ఆగేదాకా అందరం ఊపిరి బిగబట్టాం. గీత కింద తడి గోడ కనబడింది. వేలి మందం దిగాయి నీళ్లు. పిల్లలు పెట్టిన కేకలకు పక్క క్లాసు పంతులు బయటికి వచ్చారు. సారు నవ్వారు. ఫోనులో వాడు అడిగిన నవ్వు అదే. ఎవరో పిల్ల "సార్, ఇనుము కాకుండా కట్టెముక్క అయితే?" అని అరిచింది. ఆయన "రేపు. మీ జతను అడుగు పో" అన్నారు.

మర్నాడు దాకా ఆ కట్టెముక్క గురించి ఇంటికి పోయే దారంతా కొట్లాడుకున్నాం. గంగాళంలో ఉన్నా నీళ్లలో ఉన్నా కట్టె తేలేదే. రెండు చోట్లా దాన్ని మోసేది నీళ్లే. కాబట్టి గీత కదలదు.

*

ఇంటర్‌కు అనంతపురం వచ్చాను. పాఠాలన్నీ ఇంగ్లీషులో. తెలుగు మీడియం నుంచి వచ్చిన మాకు మొదటి ఏడాది చెవుల్లో ఒకటే హోరు. లెక్చరర్లు మంచివాళ్లే, కానీ బోర్డు వైపు తిరిగి చెప్పుకుంటూ పోయేవాళ్లు. మమ్మల్ని కాపాడింది హాస్టలు మిద్దె. రాత్రి అన్నాలయ్యాక చాపలు, టెక్స్టు బుక్కు పట్టుకుని పైకి ఎక్కేవాళ్లం. మేము దాన్ని కంబైన్డ్ స్టడీ అనేవాళ్లం. కరెంటు పోయిన రాత్రుల్లో చదువు ఇంకా బాగా సాగేది, ఎందుకంటే చూసి చదవడానికి వీల్లేక నోటితో చెప్పుకోవడమే మిగిలేది.

హిందూపురం పిల్ల ఒకతి లెక్కలు కన్నడంలో వేసుకునేది. కదిరి నుంచి వచ్చినామె ఇంట్లో ఉర్దూ. టార్క్, అదే బలం దేన్నైనా తిప్పే తీరు, అంటే ఏమిటో నాకు తెలిసింది ఈ ఇద్దరి గొడవలో. కదిరి పిల్ల మిద్దె తలుపు దగ్గరికి తీసుకుపోయి, బందు పక్కన ఒక వేలితో తొయ్యమంది, కదల్లేదు. అంచు దగ్గర అదే వేలితో తొయ్యమంది, కీచుమంటూ తెరుచుకుంది. "అంతే అక్కా, ఎంత దూరంలో తోస్తామో అదీ లెక్కే" అంది. పొద్దున క్లాసులో ఇంగ్లీషు వాక్యం వచ్చినప్పుడు దాని వెనక ఆ తలుపు కీచుమనేది.

*

లెక్చరర్నయ్యాక మొదట్లో అందరిలాగే చెప్పాను. ఫాన్ల చప్పుడు తప్ప ఏమీ వినబడని క్లాసుకు అప్పట్లో మంచి పేరు. మా ఆడపిల్లలు మరీ నిశ్శబ్దం. ప్రశ్న అడిగితే తలలు వంచుకునేవాళ్లు. అదే పిల్లలు వరండాలో, బస్టాపులో, నీళ్ల ట్యాంకు దగ్గర గలగల మాట్లాడుకునేవాళ్లు. ఆ మాటలను క్లాసు లోపలికి ఎలా తేవాలన్నదే నా ఆలోచన.

పాత శుభలేఖలు పోగుచేశాను. వెనకవైపు ఎ, బి, సి, డి అని రాసి కత్తిరించి ఒక్కో పిల్లకు నాలుగేసి పంచాను. ప్రశ్న వేస్తాను, ఎవరితోనూ మాట్లాడకుండా ఆలోచించి, అట్ట గుండెలకు ఆనించి పట్టుకోవాలి, నాకు మాత్రమే కనబడేలా. మొదటి ప్రశ్న: బంతిని నిటారుగా పైకి విసిరాను. చెయ్యి వదిలాక అది పైకి పోతున్నంతసేపూ దాని మీద పనిచేసే బలం ఎటువైపు? గాలి నిరోధం లెక్కలోకి తీసుకోవద్దు. క్లాసులో ఎక్కువమంది "పైకి" అట్ట పట్టుకున్నారు. న్యూటన్ నియమాలు మూడూ కామాలతో సహా రాయగల పిల్లలు.

"పక్కవాళ్లతో మాట్లాడండి" అన్నాను. మొదట ఎవరూ కదల్లేదు. తర్వాత ఒక మూల గుసగుస మొదలై క్లాసంతా పాకింది. నేను వరుసల మధ్య నడుస్తూ విన్నాను.

"పైకి పోతాంది కాబట్టి పైకే ఉంటాది కదే బలం."

"చెయ్యి వదిలినాక ఎవరే తోసేది?"

"చేతి బలం దాంట్లో ఉంటాది."

"ఉంటే ఎందుకే నెమ్మదిస్తాది? తోస్తా ఉంటే వేగం పెరగల్ల కదా."

ఈ చివరి మాట అన్న పిల్ల అంతకు ముందు నా క్లాసులో నోరు విప్పిన పిల్ల కాదు. రెండోసారి అట్టలు పైకెత్తితే చాలామంది "కిందికి"కి మారిపోయారు. నేనింకా ఏమీ చెప్పనేలేదు. వరండాలో ప్రిన్సిపాల్ నిలబడి ఉన్నారు, ఈ క్లాసుకు లెక్చరర్ రాలేదేమోనని చూడటానికి వచ్చారట. ఆ గోల గురించి తర్వాత కూడా చాలాసార్లు సంజాయిషీ చెప్పాల్సి వచ్చింది. నాకు అది భారమనిపించలేదు.

తర్వాత ఒక వేసవి రిఫ్రెషర్ కోర్సులో హార్వర్డ్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ గురించి విన్నాను. ఆయన ఉపన్యాసాలకు మంచి పేరు, విద్యార్థులు లెక్కలన్నీ చేసేస్తారు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో డేవిడ్ హెస్టెనెస్ బృందం బలం గురించి సూత్రాలు అక్కర్లేని చిన్న చిన్న ప్రశ్నలు తయారు చేసింది. మజూర్ అలాంటివి తన విద్యార్థులకు ఇస్తే, ఒకమ్మాయి లేచి, మీరు నేర్పినట్టు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా అని అడిగిందట. ఆ ప్రశ్న ఆయనకు నిద్ర లేకుండా చేసి ఉంటుంది. ఒక ప్రశ్నను ఎన్ని రకాలుగా విడమర్చినా క్లాసుకు ఎక్కకపోతే, విసిగి, మీలో మీరే మాట్లాడుకోండి అన్నాడట. కాసేపట్లోనే వాళ్లు తేల్చేశారు. 1991 నుంచి ఆయన దాన్ని పద్ధతిగా నడిపి, 1997లో పుస్తకం రాశాడు. మొదటిసారి సరైన జవాబు మరీ తక్కువమందికి వస్తే పాఠం మళ్లీ చెప్పాలి, దాదాపు అందరికీ వస్తే ముందుకు పోవాలి, నడిమధ్య ఉన్నప్పుడే పిల్లలను మాట్లాడుకోనివ్వాలి అన్నది ఆయన లెక్క. అప్పుడే నేర్చుకున్న పిల్లకు తాను ఎక్కడ తట్టుకుందో ఇంకా గుర్తుంటుంది, ఎప్పుడో నేర్చుకున్న ప్రొఫెసరు ఆ చోటు మరిచిపోయి ఉంటాడు అంటాడాయన. నాకు గొర్రెల కాపరి కొడుకు గుర్తొచ్చాడు.

తెలివైన పిల్ల చెప్పే జవాబును మిగతావాళ్లు కాపీ కొట్టడమేగా ఇది, అని తోటి లెక్చరర్లు అడిగేవాళ్లు. న్యాయమైన అనుమానమే. 2009లో సైన్స్ పత్రికలో కొలరాడో యూనివర్సిటీవాళ్ల పరిశోధన వచ్చింది. జన్యుశాస్త్రం క్లాసులో, మాట్లాడుకున్నాక అదే భావం మీద వేరే ప్రశ్న ఇచ్చి ఎవరికి వాళ్లను రాయమన్నారు. మెరుగయ్యారు. గుంపులో మొదట ఒక్కరికి కూడా సరైన జవాబు తెలియని చోట్ల సైతం మాట్లాడుకున్నాక చాలామంది సరైన దారికి వచ్చారు. కాపీ కొట్టడానికి అక్కడ జవాబు లేదు కదా. ఆ కాగితం ప్రింటు తీసి స్టాఫ్ రూములో అతికించాను.

అన్నీ సాఫీగా జరిగాయని కాదు. నోరు గట్టి పిల్ల తప్పు చెప్పినా వరుస మొత్తం ఆమె వెంట పోతుంది. ఒకసారి 60 వాట్ల బల్బు, 100 వాట్ల బల్బు శ్రేణిలో కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుందని అడిగాను. ఒక పిల్ల "వంద వంద, అరవై అరవై, ఇంత మాత్రం తెలీదా" అని తన వరుసనంతా నమ్మించేసింది. ల్యాబు నుంచి హోల్డర్ల చెక్క తెప్పించి స్విచ్చి వేస్తే అరవైది పసుపుగా వెలిగింది, వందది ఎర్రటి తీగలా మిణుకుమంది. ఆ పిల్ల కాసేపు రెండు బల్బులనూ మార్చి మార్చి చూసింది. శ్రేణిలో రెండింటిలో పోయే కరెంటు ఒకటే, నిరోధం ఎక్కువున్న అరవైదే ఎక్కువ వెలుగుతుంది అని తానే తేల్చుకుని, తన వరుసలో ఒక్కొక్కరి దగ్గరికీ పోయి చెప్పి వచ్చింది. నేను ఆ పీరియడులో ఇంకేం పాఠం చెప్పలేదు. ఇప్పుడు ఆ తీగ బల్బులు దొరకడమే గగనం.

*

రిటైరయ్యే ముందు బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ 1823లో రాసిన నివేదిక చదివాను. మద్రాసు గవర్నరు మన్రో ఊరూరా బడుల లెక్క అడిగితే పంపింది. మా అనంతపురం ప్రాంతం అప్పుడు బళ్లారి జిల్లాలోనిదే. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. ఆ బడుల్లో తెలుగువి 226. ముందున్న పిల్లల చేత వెనకున్న పిల్లలకు చెప్పించడం, దాంతో చెప్పేవాళ్ల చదువు కూడా గట్టిపడటం మెచ్చదగినదనీ, ఇంగ్లండువాళ్లు దీన్ని అనుకరించారంటే తగినదేననీ ఆయన రాశాడు. ఆండ్రూ బెల్ అనే ఆయన మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల బడి నడుపుతూ, దేశీ బడిలో పిల్లలు ఇసుకలో వేలితో రాయడం చూసి, పెద్ద పిల్లల చేత చిన్నవాళ్లకు చెప్పించే పద్ధతి పెట్టాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం అచ్చు వేశాడు. స్కాట్లాండులో సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో ఆయన ఇచ్చిన సొమ్ముతో పెట్టిన బడి పేరు ఇవాళ్టికీ మద్రాస్ కాలేజీ.

అదే కాంప్‌బెల్, పిల్లలకు పద్యాలు ఎన్నో నోటికి వస్తాయి గానీ అర్థం చిలకకు తెలిసినంతే తెలుసు అని కూడా రాశాడు. ఆ రెండూ ఒకే కాగితంలో ఉండటం నన్ను చాలా రోజులు వదల్లేదు. పిల్లలు పిల్లలకు చెప్పినంత మాత్రాన చాలదు. అప్పజెప్పించే పిల్లవాడు పంతులుకు నకలే అవుతాడు. మా సారు పుస్తకం మూయించి, "ఎందుకు?" అని అడగమన్నది అందుకే. వీధిబడి నుంచి ఉంచాల్సింది ఉంచి, తియ్యాల్సింది తీశారాయన, ఆ నివేదిక ఎన్నడూ చూడకుండానే.

ఇప్పటి రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీల్లో స్టడీ అవర్ చూశాను, మా అన్న మనవడి కోసం వెళ్లినప్పుడు. పొడవాటి హాలు, వరుసగా పిల్లలు, ఒక్కొక్కరి ముందు బిట్ల పుస్తకం, వెనక కీ. పక్కవాడితో మాట్లాడితే పేరు రాసుకునేందుకు ఒకాయన అటూ ఇటూ తిరుగుతున్నాడు. అంతమంది ఈడు పిల్లలను ఒక్కచోట చేర్చి నోళ్లు కట్టేయడం నాకు చాలా బాధ కలిగించింది. బల్ల మీద ఉన్న ఆ ప్రశ్నకు జవాబు పక్కనే కూర్చున్న పిల్ల గొంతులో ఉండి ఉంటుంది.

*

నా దగ్గర చదివిన అమ్మాయి ఒకతి ఇప్పుడు కస్తూర్బా బాలికల పాఠశాలలో ఫిజికల్ సైన్సు చెప్తోంది. బంతి ప్రశ్నకు "తోస్తా ఉంటే వేగం పెరగల్ల కదా" అన్న పిల్ల. ఆదివారాలు ఫోను చేస్తుంది. పోయిన వారం మాత్రం పని రోజునే, బడి నుంచే చేసింది. వెనక పిల్లల గోల.

"మేడమ్, చంద్రకళలు చెప్పినా. అమావాస్య వచ్చేది భూమి నీడ వల్ల కాదని టార్చి పెట్టి చూపించినా. అందరికీ అర్థమైంది అనుకునేసరికి ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి లేచి, 'మనకు అమావాస్య రోజున చంద్రుడి మీద నిలబడి చూస్తే భూమి ఎట్ల కనిపిస్తాది టీచర్?' అనింది. రెండు పార్టీలైపోయినారు. ఒకరు మొత్తం చీకటి అంటారు, ఒకరు నిండుగా అంటారు. ఇంకో పది నిమిషాల్లో గంట కొడతారు. జవాబు చెప్పేసేదా?"

"నీ దగ్గర టార్చి ఒకటేనా?" అన్నాను.

"మూడు ఉన్నాయి మేడమ్. బంతులూ ఉన్నాయి."

"అయితే రెండు పార్టీల చేతికీ తలొకటి ఇచ్చి హాస్టలుకు పంపించు. చీకటి అన్నవాళ్లలో ఒకరినీ, నిండుగా అన్నవాళ్లలో ఒకరినీ జత వెయ్యి. రేపు పొద్దున ఎవరిని లేపాలో నీకు తెలుసు కదా?"

"విన్నవాళ్లనే మేడమ్" అని, పిల్లల వైపు తిరిగి ఏదో కేకేస్తూ ఫోను పెట్టేసింది.